రాయదుర్గం నుంచి రావిర్యాల దాకా

హైదరాబాద్‌లోని మాదాపూర్, రాయదుర్గం అద్దాల మేడల్లో వేలమంది ఇంజినీర్లు పొద్దస్తమానం చిప్‌లు డిజైన్ చేస్తుంటారు. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీలకు ఇక్కడ పెద్ద కేంద్రాలున్నాయి. ఆ చిప్‌లు ఎక్కువగా తయారయ్యేది మాత్రం తైవాన్‌లో. ఇక్కడ పుట్టిన ఆలోచన సముద్రం దాటి వెళ్లి, దిగుమతి సరుకై మన జేబులోకి తిరిగొస్తోంది.

ఈ ఊరికి తయారీ కొత్తేమీ కాదు. ఏ.ఎస్. రావు సారథ్యంలో 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ రెండేళ్లకే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. తర్వాత దాని ఈసీ టీవీ మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి చేరింది.

1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో చేరింది. కంప్యూటర్లు, చిప్‌లు, విడిభాగాలతో కలిపి 217 పద్దుల కింది సరుకు మీద దిగుమతి సుంకాన్ని 2005 కల్లా ఎత్తేస్తామని మాట ఇచ్చింది. మరుసటి ఏడాది నవంబర్ 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. చౌకగా దొరికిన కంప్యూటర్లు సాఫ్ట్‌వేర్‌కు ఊపిరి పోశాయి, అందులో సందేహం లేదు. అయితే కరెంటు, వడ్డీ, రవాణా భారాలన్నీ నెత్తిన మోస్తున్న హార్డ్‌వేర్ ఫ్యాక్టరీలకు తట్టుకునే బలం ఇవ్వకుండానే తలుపులు బార్లా తీశారు. ఆ తొందరపాటుకు మూల్యం ఇంకా కడుతూనే ఉన్నాం.

2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం రావిర్యాల దగ్గర 1,200 ఎకరాల్లో చిప్‌ల తయారీ కోసం ఫ్యాబ్ సిటీ తలపెట్టింది. సెమ్‌ఇండియా అనే కంపెనీ 300 కోట్ల డాలర్లతో ప్లాంటు పెడతానంది. కేంద్రం రాయితీల విధానం 2007లో గానీ రాలేదు. చిప్ ఫ్యాక్టరీ అసలే రాలేదు.

ఆ నేల మీదికి సోలార్ వచ్చింది. 1995లో పుట్టిన హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ ఇప్పుడు ఆ ప్రాంతంలోనే సోలార్ సెల్స్, మాడ్యూల్స్ తయారుచేస్తోంది. ఈ రంగం ఎన్ని దెబ్బలు తిన్నదో చూడాలి. కేంద్రం చేపట్టిన సోలార్ మిషన్‌లో స్వదేశీ సరుకే వాడాలన్న నిబంధన మీద అమెరికా ఫిర్యాదు చేస్తే, 2016లో ప్రపంచ వాణిజ్య సంస్థలో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. 2018లో దిగుమతుల మీద వేసిన రక్షణ సుంకం 2021 జులైతో ముగిసింది. మాడ్యూల్స్ మీద 40 శాతం కస్టమ్స్ సుంకం మొదలైంది 2022 ఏప్రిల్‌లో. మధ్యలో ఎనిమిది నెలలు గేటుకు గొళ్లెం లేదు. దిగుమతిదారులు గోదాములు నింపుకున్నారు. ప్రభుత్వం ఆమోదించిన తయారీదారుల జాబితాలోని మాడ్యూల్సే వాడాలన్న నిబంధనను కూడా 2023-24లో ఏడాదిపాటు పక్కన పెట్టారు. బ్యాంకు అప్పుతో కొత్త లైను వేసుకున్న ఫ్యాక్టరీ ఇలాంటి విధానాన్ని నమ్ముకుని ఎలా నిలబడుతుంది?

సుంకం వేస్తే ప్యానెల్ ధర పెరుగుతుందనీ, ఆ భారం కరెంటు వినియోగదారు మీద పడుతుందనీ అనేవారి మాటలో నిజముంది. అందుకే రక్షణకు గడువుండాలి, ఏటా కొంత తగ్గాలి, ఆ లెక్క ముందే చెప్పాలి. సోలార్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా వాటా చైనాదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే తేల్చింది. ఏళ్ల తరబడి ప్రభుత్వ అండతో ఎదిగిన అలాంటి పోటీదారు ముందుకు మన ఫ్యాక్టరీని ఒంటరిగా తోసి, దానికి స్వేచ్ఛా వాణిజ్యమని పేరు పెట్టడం అన్యాయం.

ఒక మంచి పని జరిగింది. 2026 జూన్ నుంచి సెల్స్ కూడా ఆమోదిత జాబితాలోవే వాడాలన్న ఉత్తర్వు 2024 డిసెంబర్‌లోనే వచ్చింది. ఫ్యాక్టరీలకు ఏడాదిన్నర వ్యవధి దొరికింది. అయితే సెల్‌కు మూలమైన వేఫర్ కోసం ఇంకా చైనా వైపే చూస్తున్నాం. వేఫర్లకూ, చిప్ ప్యాకేజింగ్‌కూ కూడా ఇలాగే తేదీలతో సహా పదేళ్ల పట్టిక ఢిల్లీ ప్రకటించాలి. ఆ తేదీలకు నీళ్లు, కరెంటు, శిక్షణ పొందిన ఐటీఐ కుర్రాళ్లు సిద్ధంగా ఉండేలా చూడాల్సింది హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు.