గీతకింత కూలి, రైతుకెంత కోత?

అక్టోబరులో ముప్పాళ్ళ చేలగట్టు మీద నిలబడితే ఏది మిరపో ఏది పత్తో బడిపిల్లాడైనా చెబుతాడు. అదే చేనును 786 కిలోమీటర్ల పైనుంచి సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటో తీస్తే? అందులో ఒక్కో చుక్క పది మీటర్ల నేల. ఎకరమంటే నలభై చుక్కలు. అరెకరం చెక్కకు ఇరవై. అందులోనూ గట్టు వెంటవన్నీ పక్క చేనుతో కలగలిసినవే.

ఆ చుక్కలకు పంట పేరు పెట్టేదెవరో తెలుసా? నెల జీతం, పీఎఫ్ లేని డిగ్రీ కుర్రాళ్ళు. ఓ కాంట్రాక్టరు దగ్గర ఒక సీజను నేనూ ఆ పని చేశాను. చేను చుట్టూ గీత గీయాలి, జాబితాలో పంట పేరు నొక్కాలి. గీతకింత కూలి. 'తెలియదు' అని నొక్కితే పైసా రాదు. ఇంకెవడు ఆగి ఆలోచిస్తాడు? పత్తిలో కంది సాళ్ళున్న చేను వస్తే ఏం నొక్కాలి? అంతర పంట అన్న మాటే ఆ జాబితాలో లేదు. పత్తి అని నొక్కేశాను. అబద్ధమెందుకు, అలాంటివి చాలా నొక్కాను. మా గీతలు చూసే మిషన్ నేర్చుకుంటుంది, మా తప్పునే జిల్లా అంతా పరుస్తుంది. ఆ పటం ఎవరికి పోయిందో మాకు చెప్పలేదు.

ఇది కంప్యూటరు ఆట కాదు. ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కలో ఉపగ్రహ అంచనాకు కనీసం 30 శాతం వాటా ఇచ్చారు. రేపు మిర్చి వంతు రాదని ఎవరు హామీ ఇస్తారు? 2021-22లో నల్ల తామర పురుగు పూతలో దూరి మిరప రైతును ముంచింది. రాలిన పూత ఆకాశానికి కనబడుతుందా?

చేలోకి వెళ్ళి చూసేవాడి గతేమిటి? 2024 అక్టోబరులో తెలంగాణలో ఏఈవోలు డిజిటల్ పంట సర్వే భారం ఒంటరిగా మోయలేం, సాయానికి మనుషుల్నివ్వండని ఆందోళనకు దిగారు. వంద మందికి పైగా సస్పెండయ్యారు. మనిషిని అడిగితే వేటు, మిషనంటే మురిపెం!

ఉపగ్రహం వద్దని ఎవరన్నారు? గీతకింత లెక్క వద్దంటున్నాం. రోజు కూలి కట్టండి. ముప్పాళ్ళ బొమ్మకు ముప్పాళ్ళ పిల్లల్ని పెట్టండి, అనుమానమొచ్చిన చేనుకు వెళ్ళి చూసి రానివ్వండి, ఆ పూటకూ కూలి ఇవ్వండి. ఈ-పంట జాబితాను సామాజిక తనిఖీకి పెడుతున్నారు కదా, ఉపగ్రహ పటాన్నెందుకు దాస్తారు? రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. నా చేను పత్తి కాదు, మిరప అని రైతు చెబితే అక్కడే రాసుకుని రసీదు ఇవ్వండి.