గ్రహాల గడువు గాలి చేతిలో

కళ్లంలో ధాన్యం తూర్పారబడితే పొల్లు ఎగిరిపోతుంది, గింజలు కుప్పగా మిగులుతాయి. గ్రహాలు పుట్టే చోటా దాదాపు ఇదే తంతు. కొత్త నక్షత్రం చుట్టూ వాయువు, ధూళి పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంటాయి. అందులో దాదాపు 99 శాతం వాయువే. ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకుంటూ గ్రహాలకు పునాది వేస్తుంటే, వాయువు గాలిగా మారి అంతరిక్షంలోకి జారిపోతుంటుంది.

ఆ గాలికి గ్రహాల జాతకం మార్చేంత శక్తి ఉంది. బృహస్పతి, శని గ్రహాల్లో అధిక భాగం హైడ్రోజన్, హీలియంలే. అవి ఆ పళ్లెం నుంచి వచ్చినవే. కానీ పళ్లెం ఆయుష్షు కోటి ఏళ్లు దాటడం అరుదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత గ్రహాలకూ వర్తిస్తుంది. బృహస్పతి భూమికి 318 రెట్లు బరువు తూగుతుంటే, యురేనస్, నెప్ట్యూన్‌లు 20 రెట్లు కూడా దాటలేదు. అవి పెరిగేసరికి వాయువు అడుగంటిపోయిందన్నది శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి.

ఈ గాలిని పట్టించింది జడ వాయువులే. దుకాణాల బోర్డుల్లో వెలిగే నియాన్ జాడ ఇలాంటి పళ్లేల్లోనూ ఉన్నట్టు 2007లో స్పిట్జర్ టెలిస్కోపు చూపింది. సుమారు 350 కాంతి సంవత్సరాల దూరంలోని టి ఛా అనే నక్షత్రంపై జేమ్స్ వెబ్ టెలిస్కోపును గురిపెట్టిన అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకుడు నమన్ బజాజ్ బృందం 2024 మార్చిలో ఫలితాలు వెల్లడించింది. పళ్లెంలో నియాన్‌తో పాటు ఆర్గాన్ వెలుగూ కనిపించింది. నియాన్ వెలుగు పళ్లెం దాటి బయటికి విస్తరించి ఉంది. అంటే వాయువు తరలిపోతోందన్నమాట. ఏటా పోతున్నది కనీసం చంద్రుడంత ద్రవ్యరాశి అని అంచనా. ఆ లెక్కన సుమారు 26 వేల ఏళ్లలో ఒక బృహస్పతికి సరిపడా సరుకు ఖాళీ.

వాయువును ఎగదోస్తున్నదేమిటి? టి ఛా విషయంలో నక్షత్రం వెదజల్లే అధిక శక్తి కిరణాలే చాలని కంప్యూటర్ నమూనాలు సూచించాయి. అంతకంటే పసి నక్షత్రాల దగ్గర అయస్కాంత క్షేత్రాలదే పెద్దచేయి కావచ్చు. అలాంటి నాలుగు పళ్లేలను వెబ్‌తో పరిశీలించిన ఇలారియా పస్కుచ్చి బృందం 2024 అక్టోబరులో ఆ సంగతే చెప్పింది.

మన సూర్యుడి చుట్టూ కూడా ఒకప్పుడు ఇలాంటి గాలే వీచి ఉండాలి. అది ఇంకాస్త ముందే ఊపందుకుని ఉంటే బృహస్పతి ఇంత పెద్దదయ్యేది కాదేమో.