మన పేరు మీద స్థలం, మనం చూడని హద్దురాయి

మీ ఇంట్లో స్థలాలు ఎవరి పేరు మీద ఉన్నాయండీ? మా ఇంట్లో మూడూ నా పేరు మీదే. పేరు నాదన్న మాటే గానీ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళడం, ఫొటో దిగడం, వేలిముద్రలు వేయడం, దారిలో ఇడ్లీ తిని ఇంటికి రావడం, ఇంతవరకే నా పాత్ర. ఆ స్థలాలకు నాలుగు మూలలా రాళ్ళుంటాయని, ఏడాదికోసారైనా వాటిని చూసి రావాలని నాకు ఎప్పుడూ తట్టలేదు.

మా వారిది బ్యాంకు ఉద్యోగం. చేతిలో నాలుగు డబ్బులాడితే చాలు, స్థలం బేరానికి బయల్దేరతారు. "బంగారం కొంటే దొంగ ఎత్తుకుపోతాడు, నేలనెవడు ఎత్తుకుపోతాడే?" అంటారు. ఎత్తుకుపోనక్కర్లేదు, కాస్త పక్కకి జరిగితే చాలని ఈమధ్యే తెలిసింది.

గన్నవరం దాటాక ఒక వెంచర్లో 2012లో 200 గజాలు కొన్నాం. వెడల్పు 36 అడుగులు, పొడవు 50. అమ్మాయి చదువుకని అప్పుడే అనుకున్నది. ఇప్పుడు దాని ఇంజనీరింగ్ ఫీజు దగ్గరపడింది, బేరం పెట్టాం. కొనేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చి, టేపు పట్టుకుని స్థలం దగ్గరికి వెళ్ళి, సాయంత్రానికల్లా ఫోన్ చేశారు. వెడల్పు 34 అడుగులే ఉందట! ఉత్తరం వైపు ఇంటివాళ్ళు సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగేసుకున్నారట. రెండడుగులే కదా అనుకోకండి. 50 అడుగుల పొడవునా లెక్కేస్తే పదకొండు గజాల పైమాటే. మా అమ్మాయి ఏడాది హాస్టలు ఖర్చు అందులో ఉంది.

ఇక మా ఇంట్లో కురుక్షేత్రమే. మా వారు సూదిమొన మోపినంత నేల కూడా వదలనని కూర్చున్నారు (తెలుగు బీఏ చదివిన దాన్ని, ఆ మాట మొదట ఎవరన్నారో ఆయనకి గుర్తు చేద్దామనుకుని, వేళ కాదని ఊరుకున్నాను). ఆదివారం నాడు జేసీబీ పెట్టి కంచె పీకించేస్తానన్నారు. ఆఫీసులో ఒకాయన దానికి తోడు ఇద్దరు మనుషుల్ని కూడా పంపిస్తానన్నాడట. తెలిసిన లాయరుగారు మాత్రం, ఆ పని చేస్తే మీ మీదే కేసవుతుంది, అలాగని నాన్చినా ప్రమాదమేనన్నారు. వేరేవాళ్ళు మన నేలని తమదిగా బాహాటంగా పన్నెండేళ్ళు అనుభవిస్తే, 1963 నాటి కాలపరిమితి చట్టం కింద దాన్ని తిరిగి అడిగే హక్కే పోవచ్చట. ఆ కంచె వేసి అప్పటికే పదేళ్ళయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆయన బ్యాంకుకి వెళ్ళాక నేను బస్సెక్కి గన్నవరం వెళ్ళాను. కొన్నాక నేను ఆ స్థలం చూడటం అది రెండోసారి.

ఆ ఇంట్లో ఉన్నావిడకి అరవై దాటి ఉంటాయి. భర్త పోయారు, కొడుకు ఎక్కడో పనిలో ఉన్నాడు. కంచె పక్కనే మునగచెట్టు, బట్టలుతికే బండ. నేను ఫలానా అని చెప్పగానే, "ఆ స్థలం మీదామ్మా? పదేళ్ళ నుంచి చూస్తున్నా, ఎవరూ రారేంటా అని. పిచ్చిచెట్లు పెరిగి పాములొస్తుంటే నేనే రెండుసార్లు కూలోళ్ళని పెట్టి కొట్టించా" అంది. నాకేం మాట్లాడాలో తోచలేదు. "మా రెండడుగులు మీ కంచెలో ఉన్నాయట పిన్నిగారూ" అన్నాను ఎలాగో. ఆవిడ లోపలికెళ్ళి కాగితాలు తెచ్చి చూపించింది. ఆవిడదీ 36 అడుగులే. "కొలిపించే పాతించానమ్మా, నాది నాకు లేకుండా పోతుందా?" అంది.

కొలిచిన మాట నిజమే. తప్పు జరిగింది కొలత మొదలుపెట్టిన చోట. ఆవిడది మూల ప్లాటు, ఉత్తరాన రోడ్డు. ఆ రోడ్డు వారన మురుగుకాలవ తవ్వినప్పుడు ఆవిడ వైపు హద్దురాళ్ళు లేచిపోయాయి. కాలవ గట్టు నుంచి 36 అడుగులు కొలిచి స్తంభాలు పాతారు. కాలవ ఆవిడ స్థలంలోకి రెండడుగులు వచ్చింది, ఆవిడ మా స్థలంలోకి రెండడుగులు వచ్చింది. సర్వేయరు సర్వే నంబరు హద్దుల నుంచి లేఔట్ ప్లాను పట్టుకుని కొలుచుకుంటూ వస్తే తప్ప ఈ సంగతి బయటపడలేదు. హద్దులు చూపించమని మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, చుట్టుపక్కలవారికి ముందుగా నోటీసిచ్చి వాళ్ళ ఎదుటే కొలుస్తారు. జేసీబీ అద్దెతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోది కాదు.

నేను ఆవిడ పక్షమేమీ కాదు. మా రెండడుగులూ మాకు వచ్చి తీరాల్సిందే, వచ్చాయి కూడా. కానీ "ఆక్రమణ" అనే మాట మన నోట్లో ఎంత తొందరగా తయారవుతుందో చూడండి. పెట్టుబడికని స్థలం కొన్నవాడికి పొరుగువాడంటే దస్తావేజులో "ఉత్తరం: ఫలానా ప్లాటు" అన్న ఒక్క ముక్క. రాజధాని కబురు వచ్చిన రోజుల్లో మా వారు ఆ గజం రేటు నెలకోసారి ఫోన్ చేసి కనుక్కున్నారు గానీ, స్థలం మొహం ఒక్కసారి చూసి రాలేదు. కొన్న ఏడాదే పక్కవాళ్ళని పిలిచి, వాళ్ళు నిలబడి చూస్తుండగా కొలిపించి కంచె వేసుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆ ఖర్చు దండగన్నది ఎవరనుకున్నారు? నేనే. ఆ డబ్బుతో అప్పట్లో మిక్సీ కొన్నాను.

స్తంభాలు పీకి మళ్ళీ పాతడానికి కూలీ మేమే ఇచ్చాం. దానికి మా వారు మొదట ఒప్పుకోలేదు, ఆవిడ కొడుకూ మొదట ఒప్పుకోలేదు. ఇద్దరూ ఫోన్లో గట్టిగానే అనుకున్నారు. చివరికి సర్వేయరు గీసిన కాగితం మీద ఇరువైపులా సంతకాలయ్యాయి. ఆ కాలవలో పోయిన రెండడుగుల గురించి ఆవిడ పంచాయతీ చుట్టూ తిరగాలి, అది ఎప్పటికి తేలుతుందో. మునగచెట్టు మా వైపుకి వచ్చేసింది. కొనేవాళ్ళు దాన్ని ఉంచుతారని నాకు నమ్మకం లేదు. వెళ్ళే ముందు ఆవిడ కాయలు కోసి నా సంచిలో వేసింది.

ఆ కాయలు పులుసు పెట్టిన రాత్రి మా వారు అన్నం తింటూ, ఉన్నట్టుండి గొల్లపూడి స్థలం సంగతి ఎత్తారు. అక్కడ మేము ప్రహరీ కట్టించినప్పుడు, గోడ తొమ్మిది అంగుళాలు పక్కవాళ్ళ వైపు వెళ్ళిందట. మేస్త్రీ అప్పుడే చెప్పాడట. పక్క స్థలంవాళ్ళు ఊళ్ళో ఉండరు, ఎవరడుగుతారులే అనుకున్నారట ఈయన.

ఆ స్థలమూ నా పేరు మీదే ఉందండీ. ఈ ఆదివారం గొల్లపూడి వెళ్దామని చెప్పి, టేపు తీసి సంచిలో పెట్టాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు.