నీళ్ళ ఖరీదు ఎవరి లెక్కలో?

సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసే ఇంధనాన్ని ‘హరిత హైడ్రోజన్’ అంటున్నారు. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తయారు చేయాలని కేంద్రం 2023లో 19,744 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. అదే ఏడు మన రాష్ట్రమూ ఒక విధానం తెచ్చింది. బొగ్గుపొగ తగ్గితే అందరికీ మంచిదే. కానీ ఆ నీళ్ళు ఎవరి బిందెలోవి?

కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీరు కావాలి. శుద్ధికీ, చల్లబరచడానికీ పోయేది కలిపితే 20 లీటర్లు దాటవచ్చు. ఆ లెక్కన లక్ష టన్నులకు 200 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున లక్షమందికి ఏడాది పొడుగునా సరిపోయే నీళ్ళివి.

26.85 టి.ఎం.సి.ల గండికోటలో ఇదెంత అనవచ్చు. నిజమే, టి.ఎం.సి.లో పదోవంతు కూడా కాదు. అయితే పెన్న నీటికి ఇప్పటికే వాటాదారులెందరో. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రానికి మైలవరం నీళ్ళు పోతున్నాయి. జమ్మలమడుగు ఉక్కు కర్మాగారానికి గండికోట నీళ్ళిస్తామని 2019లోనే మాట ఇచ్చారు. గండికోట దగ్గర 1000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి 2022లో అనుమతి వచ్చింది. ఊళ్ళు మునిగి ఇళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళు మాత్రం ఏ వాటాలోనూ లేరు.

అసలు కిటుకు ధరలో ఉంది. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. యూనిట్ 4 రూపాయలనుకుంటే 200 రూపాయలు. వెయ్యి లీటర్ల నీటికి వంద రూపాయలు కట్టినా 20 లీటర్లకు అయ్యేది రెండు రూపాయలే. అంటే నీటికి ఎంత ధర పెట్టినా కంపెనీకి బరువు కాదు. వేలంపాటలో దానితో పోటీపడగల రైతు గానీ, కూలి మనిషి గానీ లేరు. ధర పెంచితే నీళ్ళు మిగులుతాయన్న వాదన ఇక్కడ చెల్లదు. తాగునీటిని కాపాడవలసింది హక్కే, మార్కెట్టు కాదు.

ఇదే లెక్క ఇంకో సంగతీ చెబుతుంది. మురుగునీటిని శుద్ధిచేసి వాడుకునే స్తోమతు కంపెనీకి ఉంది. ప్రొద్దుటూరులాంటి పట్టణంలో మురుగునీటికి కొరతా లేదు. నదినీళ్ళే కావాలనడానికి సాకు లేదు.

పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోరునీళ్ళు చెడిపోయాయని ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. కట్టిన తర్వాత మొరపెట్టుకోవడం కన్నా కట్టకముందే అడగడం మేలు.

తాగునీటికే మొదటి స్థానమని 2012 జాతీయ జలవిధానం చెబుతోంది. కాలుష్యంలేని నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే అన్నది. ఈ రెండింటినీ పట్టుకుని, ఇలాంటి కర్మాగారం ఏది వచ్చినా మనం అడగవలసినవి మూడు: నీటి ఒప్పందాన్ని తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి, శుద్ధిచేసిన మురుగునీటినే వాడాలి, కరువొస్తే మొదట ఆగేది కర్మాగారం కుళాయి కావాలి, ఊరి కుళాయి కాదు.

నీళ్ళు మోసే చేతులకు నీళ్ళ లెక్క అడిగే హక్కు ఉంది. అడుగుదాం.