దేవరకొండ సభ నుంచి మొదలుపెడదాం

మార్చి 8 దగ్గరపడితే ముగ్గుల పోటీలు, శాలువాలు, సన్మానాలు. 1910లో కోపెన్‌హేగన్‌లో క్లారా జెట్కిన్ చేసిన ప్రతిపాదన, 1917లో పెట్రోగ్రాడ్ మిల్లు స్త్రీల సమ్మె, 1977లో ఐక్యరాజ్య సమితి తీర్మానం గురించి వక్తలు ఏటా చెబుతూనే ఉన్నారు. చెప్పాల్సిందే. అయితే నల్లగొండ, పాలమూరు సభల్లో కూడా దేవరకొండ పేరు వినపడకపోవడం బాధగా ఉంది.

1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగింది. అధ్యక్షురాలు టి. వరలక్ష్మమ్మ. అంతకు ముందేడు జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. 1936లో షాద్‌నగర్‌లో, అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లా, బూర్గుల అనంతలక్ష్మీదేవి. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన నిజాం రాజ్యంలో, ఘోషా దాటి వచ్చిన ఆడవాళ్లు ఆడపిల్లల చదువు గురించి మాట్లాడారు. మన మహిళా దినోత్సవానికి పునాది అక్కడుంది.

ఆ మహాసభ పిలుపు అందుకునే కరివిరాల కొత్తగూడెంలో ఒక భూస్వామి ఇంటి పిల్ల, పట్టుమని పన్నెండేళ్లు కూడా నిండకుండానే, వెట్టివాళ్లకు బియ్యం పంచింది. ఆమే మల్లు స్వరాజ్యం. ఉయ్యాల పాటలు కట్టి ఊళ్లను కదిలించింది, తెలంగాణ సాయుధ పోరాట దళంలో తుపాకీ పట్టింది, తలకు పది వేల రూపాయల వెల కట్టించుకుంది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది. 2022 మార్చి 19న కన్నుమూసింది. 1911లో ఐరోపాలో తొలి అంతర్జాతీయ మహిళా దినోత్సవం జరిగింది కూడా మార్చి 19నే.

స్వరాజ్యం పేరు నిలిచింది. పోరాటం ఆగాక ఇళ్లకు పొమ్మంటే మౌనంగా వెళ్లిపోయిన వాళ్ల సంగతేమిటి? 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా వాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు అరుదు. ఆ పుస్తకం చేసిన మేలు చిన్నది కాదు. దళాలకు అన్నం మోసిన చేతులు కూడా చరిత్ర చేశాయని నిరూపించింది.

పాలమూరు ఆడకూలీలకు అలాంటి పుస్తకం ఇంకా బాకీ ఉంది. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, మేస్త్రీ వెంట వలసపోయి, ప్రాజెక్టు కట్టల మీద మట్టి తట్టలు మోసినవాళ్లు వాళ్లు. శిలాఫలకాల మీద మంత్రుల పేర్లే ఉన్నాయి.

అందుకే ఈ మార్చికి పాఠకులను ఒకటే కోరుతున్నాం. మీ ఇంట్లో, మీ వాడలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఏ కట్ట మీద పనిచేశారో, కూలి ఎంత ఇచ్చారో, కాన్పు ఎక్కడైందో అడగండి. దేవరకొండ, షాద్‌నగర్ సభలకు వెళ్లినవాళ్ల ఇళ్లలో పాత ఉత్తరం, ఫొటో ఏదున్నా వెతకండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే, వాళ్ల యాసలోనే రాసి పంపండి. దిద్దకుండా అచ్చువేస్తాం.