గుర్రంలో లక్షో వంతు

గుర్రప్పందేలను రాజుల ఆట అనటం ఇంగ్లీషువాళ్ళ అలవాటు. ఆ ఆట ఇప్పుడు ప్రజల పరమైందని కొంతకాలంగా ఒక ప్రచారం సాగుతున్నది. పూర్వం పందెపు గుర్రాన్ని కొనాలంటే ప్రభువో, మిల్లు యజమానో, నూనెబావుల షేకో అయివుండాలట. ఇప్పుడు రెండువందల డాలర్లు మిగుల్చుకున్న గుమాస్తా కూడా కొనవచ్చునట. గుర్రాన్ని ముక్కలుగా లెక్కగట్టి, ముక్కకొక ధర పెట్టి అమ్ముతున్నారు గనక యాజమాన్యం పంపిణీ అయిపోయిందట. భూమి పంచమంటే ససేమిరా అనే లోకం గుర్రాలను పంచటానికి ఇంత ఉబలాటపడుతున్నదంటే, ఇంతకూ పంచుతున్నదేమిటో చూడటం అవసరం.

ఈ వాదానికి ఉన్న బలమైన సాక్ష్యాన్నే ముందు తీసుకుందాం. బలహీనమైన సాక్ష్యాన్ని కొట్టి గెలిచామనుకోవటం విమర్శ కాదు. అమెరికాలో ఏటా మే నెలలో జరిగే కెంటకీ డెర్బీ, కోవిడ్ మూలంగా, 2020లో సెప్టెంబరు 5న జరిగింది. నెగ్గిన గుర్రం పేరు ఆథెంటిక్. దాని యజమానుల్లో స్పెండ్‌థ్రిఫ్ట్ ఫారం వంటి పెద్ద సంస్థలతో బాటు మైరేస్‌హార్స్ అనే కంపెనీ కూడా ఉన్నది. గుర్రంలో నూటికి పన్నెండున్నర వంతు ఆ కంపెనీ ద్వారా 5,314 మంది చేతుల్లోకి పోయింది. వాటా ఒక్కింటికి 206 డాలర్లు. వాటా అంటే గుర్రంలో లక్షో వంతు. సామాన్యులు డెర్బీ గెలిచారని పెద్ద సంబరమే జరిగింది. అయితే ఆనాడు మైదానంలోకి ప్రేక్షకులను రానివ్వలేదు గనక, ఆ సామాన్యులు తమ గుర్రం గెలవటాన్ని ఇంట్లో టెలివిజన్‌లో చూసుకున్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లెక్క అనేసరికి ముఖం చిట్లించే రసికులుంటారు. కాని వాటా అనే మాటే లెక్కకు సంబంధించినది. ఆ డెర్బీలో మొదటి బహుమతి 18 లక్షల 60 వేల డాలర్లు. అందులో లక్షో వంతు 18 డాలర్ల 60 సెంట్లు. ఆ నవంబరులోనే ఆ గుర్రం బ్రీడర్స్ కప్ క్లాసిక్ కూడా గెలిచింది. అక్కడ మొదటి బహుమతి 31 లక్షల 20 వేలు. వాటాకు 31 డాలర్ల 20 సెంట్లు. రెండూ కలిపితే 49 డాలర్ల 80 సెంట్లు. ట్రెయినరుకూ జాకీకీ ఆనవాయితీగా ముట్టే చెరో పదో వంతు తియ్యకముందు లెక్క ఇది. పందెపు గుర్రాలు కలలో కూడా అందుకోలేని రెండు విజయాలు ఒకే ఏడాదిలో సాధించినా, పెట్టిన 206లో నాలుగో వంతు కూడా వాటితో తిరిగిరాలేదన్నమాట. తక్కినదానికి మిగతా పందేల మీదా, పందేలు మానిన తర్వాత ఆడగుర్రాలకు చూలు కట్టించి ఆ గుర్రం తెచ్చే రుసుము మీదా ఆశ పెట్టుకోవాలి. ఇది నెగ్గిన గుర్రం కథ. ఓడిన గుర్రాల వాటాదార్ల పేరు ఎవరూ పత్రికల కెక్కించరు.

ఇంకొక లెక్క కూడా ఉన్నది. ఈ గుర్రాన్ని 2018లో ఏడాది పిల్లగా వేలంలో కొన్న ధర మూడున్నర లక్షల డాలర్లు. లక్షో వంతు 206 డాలర్లయితే మొత్తం గుర్రం విలువ 2 కోట్ల 6 లక్షలవుతుంది. అంటే దాదాపు 59 రెట్లు. నిర్వహణ ఖర్చుల కోసం ఇందులో కొంత కలిపారనుకుందాం. అప్పటికే గుర్రం కొన్ని పందేలు గెలిచింది గనక విలువ పెరగటం సహజమేనని కూడా ఒప్పుకుందాం. కాని ఆ పెరుగుదల ఎవరి పాలైంది? మూడున్నర లక్షల నాడు కొనగలిగిన వాళ్ళ పాలైంది. సామాన్యుడికి తలుపు తెరిచింది ధర మేడెక్కిన తర్వాత.

ఎప్పుడూ నష్టమేనా అంటే కాదు. 2024లో ప్రీక్‌నెస్ పందెం గెలిచిన సీజ్ ద గ్రే అనే గుర్రంలో 2,570 మందికి వాటాలున్నవి. వాటా వెల 127 డాలర్లు. వాళ్ళ సంతోషాన్ని మనం కాదనవలసిన పని లేదు. అయితే గెలిచేవాడొక్కడూ లేకపోతే ఏ జూదమూ నడవదు. లాటరీ టిక్కెట్లమ్మేవాడు కూడా నెగ్గినవాడి బొమ్మనే అంగడి గోడకు అంటిస్తాడు.

లాభనష్టాల సంగతి అలా ఉంచి, అసలు విషయానికి వద్దాం. యాజమాన్యం అంటే ఏమిటి? వస్తువు మీద నిర్ణయాధికారం. గుర్రం ఏ పందెంలో పరుగెత్తాలో, ఏ జాకీ ఎక్కాలో, కాలు బెణికితే ఎన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలో, ఎవరికి ఎంతకు అమ్మాలో నిర్ణయించేవాడు యజమాని. ఈ చిన్న వాటాదారు కొనేది గుర్రాన్ని కూడా కాదు. గుర్రంలో కొంత వంతు కలిగిన ఒక కంపెనీలో వాటాను. ఆ కంపెనీని నడిపేది మేనేజరు. పైన చెప్పిన నిర్ణయాలలో ఏ ఒక్కటీ వాటాదార్ల వోటుతో జరిగేది కాదు. వాళ్ళకు దక్కేవి గుర్రం యోగక్షేమాల కబురు, అప్పుడప్పుడు శాలకు పోయి ముట్టె నిమిరే అవకాశం, నలుగురిలో "నా గుర్రం" అని చెప్పుకునే హక్కు. గుర్రాన్ని పంచారు గాని కళ్ళేన్ని పంచలేదు.

గుర్రాన్ని వాటాలు వెయ్యటం కొత్త పద్ధతి కాదు. 1970లో నిజిన్‌స్కీ అనే గుర్రాన్ని 32 వాటాలు చేసి, వాటా లక్షా 70 వేల డాలర్లకు అమ్మారు. 1973లో సెక్రటేరియట్‌ను కూడా 32 వాటాలు చేసి, వాటా లక్షా 90 వేల చొప్పున, మొత్తం 60 లక్షల 80 వేల డాలర్లకు అమ్మారు. యజమాని ఆ జనవరిలో చనిపోగా, వారసులకు వారసత్వపు పన్ను కట్టవలసి వచ్చింది. వాటాల అవసరం అలా పుట్టింది. ఒక్కడి నెత్తిన ఉన్న భారాన్నీ ప్రమాదాన్నీ ముప్పైమంది నెత్తిన సర్దటమే దాని పరమార్థం. అయితే ఆ ముప్పైమందీ సమానులు. వాటా ఉన్నవాడు ఏటా తన ఆడగుర్రాన్ని పంపి పిల్లను సంపాదించుకోవచ్చు. ఆ పిల్లను అమ్ముకోవచ్చు. అది ధనికులు ధనికులతో చేసుకున్న బేరం. దాన్ని ప్రజాస్వామ్యమని ఎవరూ అనలేదు. అదే బేరంలోంచి హక్కులను తగ్గించి, వాటాను లక్షో వంతుకు చితక్కొట్టి, దానికిప్పుడు ప్రజాస్వామ్యమని పేరు పెట్టారు.

ధనికులు నష్టపోరా అంటే, పోతారు. 2006లో గ్రీన్ మంకీ అనే రెండేళ్ళ గుర్రాన్ని కోటీ 60 లక్షల డాలర్లకు కొన్నారు. అది మూడుసార్లు పరుగెత్తి ఒక్కసారీ గెలవక, మొత్తం 10,440 డాలర్లు తెచ్చింది. 1983లో కోటీ రెండు లక్షలకు కొన్న స్నాఫీ డాన్సర్ ఒక్క పందెంలోనూ దిగలేదు. కొన్నవాళ్ళు దివాళా తియ్యలేదు. వాళ్ళకు వందల గుర్రాలున్నవి. ఒకటి మునిగితే ఇంకొకటి తేలుతుంది. అందువల్లనే వాళ్ళకది వ్యాపారం. ఒక గుర్రంలో లక్షో వంతు ఉన్నవాడికి అది వ్యాపారం కాదు, మొక్కుబడి. మామూలు భాగస్వామ్యాల్లో నెలనెలా ఖర్చుల బిల్లు కూడా వస్తుంది. గుడ్డి గుర్రానికైనా దానా తప్పదు గదా.

వాటా అనేదాని నిజస్వరూపం షెర్గర్ ఉదంతంలో బయటపడింది. 1981లో ఇంగ్లండులో డెర్బీని పది గుర్రాల దూరంతో గెలిచిన గుర్రమది. అప్పటి ఆగాఖాన్ దాన్ని 40 వాటాలు చేసి, వాటా రెండున్నర లక్షల పౌన్లుగా నిర్ణయించి, ఆరు తాను ఉంచుకుని 34 అమ్మాడు. 1983 ఫిబ్రవరి 8 రాత్రి, ఐర్లండులోని స్టడ్ ఫారంలోంచి ముసుగు దొంగలు దాన్ని ఎత్తుకుపోయినారు. డబ్బు అడిగారు. అడిగింది ఒక్క యజమానిననుకున్నారు గాని, అక్కడ యజమానులు ముప్పైమందికి పైగా ఉన్నారు. ఒకసారి ఇస్తే ప్రతి గుర్రానికీ ఇదే గతి పడుతుందని వాళ్ళు ఇవ్వలేదు. గుర్రం మళ్ళీ కనపడలేదు. దొంగతనానికి బీమా చేసుకున్న వాటాదార్లకు సొమ్ము వచ్చింది. చావుకు మాత్రమే చేసుకున్నవాళ్ళు గుర్రం చచ్చిందని రుజువు చూపలేక మునిగారు.

ఈ కథ చెప్పేవాళ్ళు వాటాదార్ల నష్టాన్ని గురించి చెపుతారు. మనం గమనించవలసినది ఇంకొకటున్నది. ఆ రాత్రి తుపాకి ఎవరి తలకు గురిపెట్టారు? నలభై వాటాలలో ఒక్కటీ లేని సైసుకు. అతని ఇంట్లో జొరబడి, కుటుంబాన్ని నిర్బంధించి, అతనిచేతనే గుర్రాన్ని బండి ఎక్కించారు. యజమానులకు ప్రమాదమంటే డబ్బు పోవటం. సైసుకు ప్రమాదమంటే ప్రాణం పోవటం. ఈ తేడాను ఏ వాటాల పత్రమూ రాయదు.

అమెరికా పందేల చరిత్ర పొడుగునా ఈ తేడాయే కనిపిస్తుంది. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీలో 15 గుర్రాలు పరుగెత్తితే 13 గుర్రాల మీద ఉన్నది నల్లజాతి జాకీలు. నెగ్గిన అరిస్టైడిస్ జాకీ ఆలివర్ లూయిస్ నల్లవాడు. దాన్ని తీర్చిదిద్దిన ఆన్సెల్ విలియంసన్ బానిసగా పుట్టినవాడు. అంటే గుర్రమూ, గుర్రాన్ని తెలిసిన మనిషీ ఒకే యజమాని ఆస్తిపట్టీలో పక్కపక్కన ఉన్న కాలం అప్పటికి పట్టుమని పదేళ్ళ వెనకటిది. తర్వాత పందేల్లో డబ్బు పెరిగినకొద్దీ ఆ జాకీలను గుర్రాల మీంచి దించివేశారు. శాలలో పేడ ఎత్తటానికి మాత్రం ఉండనిచ్చారు. సెక్రటేరియట్‌ను పగలూ రాత్రీ సాకిన ఎడ్డీ స్వెట్ దక్షిణ కరోలినాలో ఒక నల్లజాతి పాలికాపు కొడుకు. 60 లక్షల గుర్రం ఎవరి మాట వింటుందో అందరికీ తెలుసు. 32 వాటాలలో అతనిది ఒక్కటీ లేదు. 1998లో పేదవాడుగానే చనిపోయాడు. ఈనాడు ఆ శాలల్లో చాకిరీ చేసేవాళ్ళలో చాలామంది మెక్సికో, గ్వాటెమాల దేశాలనుంచి వచ్చినవాళ్ళు. తెల్లవారకముందే లేచి గుర్రాలను కడిగి, నడిపించి, కాళ్ళకు కట్లు కట్టేది వాళ్ళే. గుర్రం నెగ్గితే ఇనాం దొరకవచ్చు. హక్కుగా వాటా మాత్రం లేదు.

మన పల్లెల్లో దూడనో మేకనో పాలికి ఇచ్చే ఆచారం చాలాచోట్ల ఉన్నది. కలిగినవాడు పశువును ఇస్తాడు, లేనివాడు మేపుతాడు. పుట్టిన పిల్లల్లో ఇద్దరికీ పాలు. అది ఆదర్శ వ్యవస్థ అని నేననను. అందులోనూ మోసాలున్నవి, కలిగినవాడిదే పైచెయ్యి. కాని ఆ పాత బేరం సైతం ఒక న్యాయాన్ని ఒప్పుకున్నది: మేపినవాడికి పాలు ఉండాలి. ఈ ఆధునిక వాటాల పద్ధతి ఆ కాస్త న్యాయాన్నీ తలకిందులు చేసింది. జన్మలో గుర్రానికి ఒక గడ్డిపోచ అందించనివాడు వాటాదారు. గుర్రంతో బతికేవాడు కూలివాడు.

ఇక గుర్రం సంగతి. ఈ సౌధమంతా నిలిచింది దాని సన్నని కాళ్ళమీద. 2023 వసంతంలో, డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ మైదానంలో, కొద్ది వారాల్లో 12 గుర్రాలు చనిపోయినవి. పందేలను ఇంకొక మైదానానికి మార్చవలసి వచ్చింది. అమెరికాలో 2009లో వెయ్యి పరుగులకు రెండు చొప్పున ఉన్న చావులు 2023కు 1.32కు తగ్గినవి. తగ్గటం మంచిదే. కాని కాలు నొప్పిగా ఉన్న గుర్రాన్ని ఈ పందేనికి వద్దు అనగల అధికారం వాటాదారుకు లేదు, సైసుకూ లేదు. నొప్పిని ముందు కనిపెట్టేవాడు సైసు. పోస్టులో సంతాపం అందుకునేవాడు వాటాదారు. నిర్ణయించేవాడు మూడోవాడు.

"ఇదంతా ఎందుకు? సరదాకు పెట్టిన డబ్బు. సినిమా టిక్కెట్టు కొన్నవాడు లాభం అడుగుతాడా?" అని కొందరంటారు. ఈ మాటలో నిజాయితీ ఉన్నది. సరదా నేరం కాదు. గుర్రం పరుగులో అందం ఉన్నదనీ, అది తనదనుకున్నప్పుడు గుండె మరికాస్త వేగంగా కొట్టుకుంటుందనీ ఒప్పుకోవటానికి నాకు అభ్యంతరం లేదు. అయితే సినిమాహాలు వాడు టిక్కెట్టును టిక్కెట్టనే అంటాడు. నువ్వు ఈ హాలుకు యజమానివి అనడు. ఇక్కడ టిక్కెట్టును యాజమాన్యం పేర అమ్ముతున్నారు. అభ్యంతరమంతా ఆ పేరుకే. సొంత ఇల్లు లేక, ఉద్యోగానికి భరోసా లేక, తన జీవితంలో దేనిమీదా అధికారం లేని మనిషికి యజమాని అనే మాట తియ్యగా ఉంటుంది. ఆ ఆకలిని కనిపెట్టి దానికి ధర కట్టటమే ఈ వ్యాపారం. లక్షో వంతు యజమాని అయిన గుమాస్తా, ఇక పెద్ద యజమానుల కళ్ళతో లోకాన్ని చూడటం మొదలుపెడతాడు. సైసు కూలి పెంచమంటే "మన" ఖర్చు పెరుగుతుందని బాధపడతాడు. వాటా ఇవ్వకుండానే వాటాదారు మనస్తత్వాన్ని ఇవ్వటం ఇందులోని అసలు లాభం. ఆ లాభం గుమాస్తాది మాత్రం కాదు.

పందేలు ప్రజలవి కావాలని నిజంగా కోరేవాళ్ళు ఉంటే, వాళ్ళకు దారి కష్టమేమీ కాదు. పంచవలసినది గుర్రం పేరును కాదు, దాని మీద అధికారాన్ని, అది తెచ్చే ఫలాన్ని. ఆ పంపకం మొదలుపెట్టవలసింది దూరదేశపు గుమాస్తాతో కాదు, శాలలో గుర్రం పక్కన పడుకునే మనిషితో. మొదటి వాటా సైసుకు రాసిన రోజున, ఆ గుర్రాన్ని గురించి మనం వేరే వ్యాసం రాసుకోవచ్చు.