గుండెలోపము గలవారికి విడువని జ్వరము



2007వ సంవత్సరమున ఆరోగ్యశ్రీ పథకము తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగరమొకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నాడు ఆ జిల్లాలోనివే. పుట్టుకతో గుండెలోపము గల బీదబిడ్డలకు శస్త్రచికిత్స చేయించుకొను వీలు దానివలన గలిగెను. అట్టి బిడ్డలు నేడు మన యిండ్లలో పెరిగి పెద్దవారగుచున్నారు. వారి జ్వరమును గూర్చి మనమెఱుగవలసిన విషయమొకటి గలదు.

నోటినుండియో, పుండునుండియో సూక్ష్మజీవులు రక్తమున జేరుట యెల్లరకును జరుగునదే. ఆరోగ్యవంతమైన గుండెలో అవి సాధారణముగా నిలువవు. రంధ్రముగుండ రక్తము వడిగా చిమ్ము చోటను, చెడిన కవాటముపైనను, వైద్యులమర్చిన కృత్రిమ కవాటముపైనను అవి పట్టుకొని గూడు కట్టుకొనవచ్చును. దీనినే ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అందురు. శస్త్రచికిత్స జరిగినంతమాత్రమున అందఱకును ఈ భయము తొలగదు.

ఈ వ్యాధి తఱచుగా సామాన్య జ్వరమువలెనే వచ్చును. సన్నని జ్వరము వారములకొలది విడువదు. ఆకలి మందగించును, ఒడలు చిక్కును, రాత్రులు చెమటలు పట్టును, ముఖము పాలిపోవును. మలేరియా యనియో టైఫాయిడనియో తలచి మందులు వాడుట గలదు. యాంటీబయాటిక్ పడగానే జ్వరము కొన్నిదినములు తగ్గి మఱల వచ్చును. ఇంతలో సూక్ష్మజీవి మందుచాటున దాగి పరీక్షకు చిక్కకపోవును.

కావున ఆ మందుకు ముందే రక్తము తీయించవలయును. కల్చరు పరీక్షకై వేఱువేఱు చోట్ల సూది గ్రుచ్చి మూడు మారులు తీయుదురు. ఇంత రక్తమేల యని అడ్డుపడకుడు. ఒక్కసారి కనబడిన క్రిమి చర్మముపైనుండి వచ్చినదైనను కావచ్చును. అన్నింటను అదియే కనబడిన, రక్తములోనిదని నమ్మకము కుదురును. ఎకో పరీక్షలో గుండెలోని గూళ్లను జూతురు. తొలిసారి కనబడకున్నను, అనుమానము తీరనిచో వారమునకు మఱల చూడవలసి యుండును. వీనిని, రోగలక్షణములను కలిపి నిర్ణయించు పద్ధతిని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 1994లో ప్రకటించిరి. 2023లో అది సవరింపబడినది.

త్వరగా తెలిసిన, సాధారణముగా నాలుగు మొదలు ఆఱు వారములు నరమునకు మందెక్కించి నయము చేయుదురు. ఆలస్యమైన కవాటము చెడవచ్చును. గూటి తునుక ఊడి మెదడునకు పోయి పక్షవాతము తేవచ్చును.

శస్త్రచికిత్స కాగితములు భద్రపఱచుడు. జ్వరమునకు ఏ వైద్యుని కడకేగినను గుండెమాట మొదట చెప్పుడు. ఆడపిల్ల యగుచో పెండ్లికి అడ్డగునని దానిని దాచువారు గలరు. అత్తవారింట ఆమెకు జ్వరము వచ్చిననాడు వైద్యునకు ఆ మాట చెప్పువారెవరు? అత్తలైన సోదరీమణులారా, కోడలు నిర్భయముగా చెప్పుకొను ఇల్లు మీదే కావలయును.